అమెరికా రాజ్యాంగంలో ఐదింట మూడు వంతుల లెక్క: తలలు బానిసలవి, సీట్లు యజమానులవి

మీరు అడిగింది ఇది: "ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి పుస్తకంలో, 1787 నాటి అమెరికా రాజ్యాంగం బానిసను ఐదింట మూడు వంతుల మనిషిగా లెక్కగట్టిందని ఉంది. అన్యాయం అనిపించింది. కానీ పూర్తిగా లెక్కపెట్టమని పట్టుబట్టింది బానిసల యజమానులేనట, అసలు లెక్కపెట్టొద్దన్నది బానిసత్వం గిట్టనివాళ్లట. వాళ్ల టీచరు అలా చెప్పిందట. తలకిందులుగా ఉందేంటి?"

టీచరు చెప్పిందే కరెక్టు. ఆ వాక్యం చదవగానే మనం దాన్ని మనిషి విలువ గురించిన మాటగా తీసుకుంటాం, అందుకే తలకిందులుగా కనిపిస్తుంది. నిజానికి అది సీట్ల పంపకానికి సంబంధించిన మాట. కేంద్రంలోని ప్రతినిధుల సభలో ఏ రాష్ట్రానికి ఎన్ని సీట్లివ్వాలో తేల్చడానికి జనాన్ని లెక్కపెడుతున్నారు. ఆ లెక్కలో బానిస పేరు చేరినంత మాత్రాన బానిసకు ఓటు రాదు. రాష్ట్రానికి సీటు వస్తుంది. ఆ సీట్లో కూర్చునేది అతని యజమానో, యజమాని మెచ్చినవాడో. మన సామెత ఉంది కదా, సొమ్మొకడిది సోకొకడిది అని. అదే ఇది.

కాబట్టి బానిస వైపు నిలబడి చూస్తే మేలైన అంకె సున్నా. తన పేరు చెప్పి యజమాని ఢిల్లీలో (సారీ, వాషింగ్టన్‌లో) అదనంగా ఒక్క సీటు కూడా సంపాదించకూడదు. యజమాని వైపు నుంచి చూస్తే మేలైన అంకె ఒకటి. రాజ్యాంగం రాసినవాళ్లు ఈ రెండింటి మధ్య బేరమాడి 3/5 దగ్గర ఆగారు.

నేను ఇక్కడ అమెరికాలో ఒక కమ్యూనిటీ కాలేజీలో పద్దెనిమిదేళ్లుగా అమెరికా చరిత్ర చెబుతున్నాను. ఈ ఒక్క విషయం మీద పిల్లలు పరీక్షల్లో రాసే తప్పులు రెండు. "నల్లవాళ్లను ఐదింట మూడు వంతులుగా లెక్కపెట్టారు" అని రాస్తారు. కాదు. బానిసలు కాని నల్లవాళ్లు పూర్తిగా లెక్కలోకి వచ్చారు. ఆ క్లాజులో రంగు ప్రస్తావనే లేదు. స్వేచ్ఛగా ఉన్నవాళ్ల మొత్తం సంఖ్యకు, కొన్నేళ్ల ఒప్పందం మీద పనికి కుదిరినవాళ్లను కూడా కలిపి, పన్నులు కట్టని ఆదివాసులను తీసేసి, "తక్కిన వ్యక్తులందరిలో" ఐదింట మూడు వంతులు కూడాలి అని ఉంది. ఆ "తక్కిన వ్యక్తులు" ఎవరో అందరికీ తెలుసు, పేరు మాత్రం పెట్టలేదు. 1787 రాజ్యాంగం మొత్తం వెతికినా బానిస అనే మాట దొరకదు. డెలావేర్ ప్రతినిధి జాన్ డికిన్సన్ అప్పుడే తన కాగితాల్లో రాసుకున్నాడు, ఆ మాట వదిలేస్తే మనం సిగ్గుపడే సూత్రాన్ని దాచిపెడుతున్నామని జనం అనుకుంటారని. అనుకున్నారు కూడా.

రెండో తప్పు, ఆ అంకె 1787లో ఫిలడెల్ఫియాలో పుట్టిందనుకోవడం. అది అంతకు నాలుగేళ్ల ముందుది. పైగా సీట్ల కోసం పుట్టిన అంకె కాదు, పన్నుల కోసం పుట్టింది. ఈ కథ తెలియకపోతే 1787 అర్థం కాదు కాబట్టి కాస్త వెనక్కి వెళ్దాం.

1776 జులై. స్వాతంత్ర్య ప్రకటన వెలువడి నెల కూడా కాలేదు. యుద్ధం ఖర్చును రాష్ట్రాలు ఎలా పంచుకోవాలన్నది చర్చ. జనాభాను బట్టి పంచుదామన్నారు. మరి బానిసలు జనాభాలోకి వస్తారా? బానిసలు ఎక్కువగా ఉన్న దక్షిణాది రాష్ట్రాల వాళ్లు ఒప్పుకోలేదు. సౌత్ కరోలినా ప్రతినిధి థామస్ లించ్ లేచి, బానిసలు మా ఆస్తి, భూమికీ గొర్రెలకూ పశువులకూ గుర్రాలకూ లేని పన్ను వీళ్లకెందుకు అన్నాడు. అది ఆస్తేనా కాదా అని చర్చ మొదలుపెడితే ఈ కూటమి ఇక్కడితో సరి అని బెదిరించాడు కూడా. దానికి బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఇచ్చిన జవాబు నాకు చాలా ఇష్టం. బానిసలకూ గొర్రెలకూ కొంచెం తేడా ఉంది, గొర్రెలు ఎప్పుడూ తిరుగుబాటు చేయవు అన్నాడు.

చివరికి 1777లో దక్షిణాది నెగ్గింది. భూమి విలువను బట్టి పంచుకుందామని రాసుకున్నారు. అది నడవలేదు, ఎందుకంటే ఎవరి భూమి విలువ ఎంతో ఎవరు తేలుస్తారు? ప్రతి రాష్ట్రమూ తన భూమి బీడే అంటుంది. అందుకని 1783లో మళ్లీ జనాభా మాట ఎత్తారు. ఇద్దరు బానిసలను ఒకరిగా లెక్కపెడదామని ఒకరు, నలుగురిని ముగ్గురిగా అని ఇంకొకరు. సంతలో బేరంలాగే సాగింది. వర్జీనియాకు చెందిన జేమ్స్ మాడిసన్ ఐదుగురికి ముగ్గురు అన్నాడు. అక్కడ కుదిరింది. రాష్ట్రాల అప్పటి కూటమి ఒప్పందానికి తేవాల్సిన ఈ సవరణకు పదమూడు రాష్ట్రాలూ ఒప్పుకోవాలి, రెండు ఒప్పుకోలేదు, దాంతో మూలపడింది. అంకె మాత్రం అందరి నోళ్లలో మిగిలిపోయింది.

ఇక్కడ ఒక్క నిమిషం. 1783లోనే ఇంకోటి జరిగింది. మాడిసన్ వెంట ఫిలడెల్ఫియాలో బిల్లీ అనే బానిస ఉండేవాడు. సొంతూరికి తిరిగి వెళ్లేముందు, ఆ సెప్టెంబరులో మాడిసన్ తండ్రికి ఉత్తరం రాశాడు. బిల్లీని వెనక్కి తీసుకురావడం మంచిది కాదు, వాడి మనసుకి ఇక్కడి గాలి బాగా పట్టింది, తోటి బానిసల మధ్య ఉంచలేం అని. వాడు కోరుకున్నది మనం ఇంత రక్తం ధారపోసి తెచ్చుకున్న స్వేచ్ఛే కదా, అంత మాత్రానికి వాడిని శిక్షించలేను అని కూడా రాశాడు. విడిచిపెట్టలేదు. అక్కడే అమ్మేశాడు. పెన్సిల్వేనియా చట్టం వల్ల ఆ అమ్మకం కొన్నేళ్ల చాకిరీకే పరిమితం, ఆ తర్వాత బిల్లీ స్వేచ్ఛ పొందాడు. ఒకే మనిషి, ఒకే ఏడాది, వసంతంలో ఐదుగురికి ముగ్గురు అన్నాడు, శరదృతువు రాబోతుండగా ఈ ఉత్తరం రాశాడు. మాడిసన్‌కి తెలియక కాదు. క్లాసులో ఎవరైనా "ఆ కాలంలో వాళ్లకి అది తప్పని తెలీదు సార్" అంటే నేను ఈ ఉత్తరం గురించి చెబుతాను.

ఇప్పుడు 1787. మే 25 నుంచి సెప్టెంబరు 17 దాకా రాష్ట్రాల ప్రతినిధులు రాజ్యాంగం రాయడానికి ఫిలడెల్ఫియాలో, తలుపులు మూసుకుని, బయటికి ఒక్క మాట పొక్కకుండా కూర్చున్నారు. వచ్చినవాళ్లు 55 మంది, వాళ్లలో దాదాపు సగం మందికి బానిసలున్నారు. చివర్లో సంతకాలు పెట్టింది 39 మంది. లోపల ఎవరేమన్నారో మనకు తెలిసేది ముఖ్యంగా మాడిసన్ రాసుకున్న నోట్సు వల్ల. అవి అచ్చయింది 1840లో, ఆయన పోయిన నాలుగేళ్లకి. అంటే రెండు తరాల పాటు ఈ బేరం ఎలా జరిగిందో మామూలు జనానికి సరిగ్గా తెలియదు.

ఈసారి లెక్క పన్నుకే కాదు, సీట్లకు కూడా. అంతే, పాట మారిపోయింది. 1776లో బానిసలు గొర్రెల్లాంటి ఆస్తి, లెక్కలోకి తేవొద్దన్న సౌత్ కరోలినా, 1787లో బానిసలను తెల్లవాళ్లతో సమానంగా, పూర్తిగా లెక్కపెట్టమంది. అవ్వా కావాలి, బువ్వా కావాలి. అమ్మేటప్పుడు ఆస్తి, సీట్లు అడిగేటప్పుడు మనుషులు. అటు వైపు వాళ్లూ తక్కువ తినలేదు లెండి. పన్నుల కాలంలో వాళ్లు మనుషులే కదా, లెక్కపెట్టండి అన్న ఉత్తరాది వాళ్లే ఇప్పుడు ఆస్తి అన్నారు. మాసాచుసెట్స్‌కు చెందిన ఎల్‌బ్రిడ్జ్ గెర్రీ, మా గుర్రాలకూ పశువులకూ లేని ప్రాతినిధ్యం మీ బానిసలకెందుకు అని అడిగాడు. వాళ్లలో అందరూ బానిసల మీద దయతో మాట్లాడలేదు. సీట్ల మీద దిగులు చాలామందిది.

చర్చ మొత్తంలో గట్టి దెబ్బ కొట్టింది, నా ఉద్దేశంలో, న్యూజెర్సీ ప్రతినిధి విలియం పాటర్సన్. జులై 9న ఆయన ఒక చిన్న ప్రశ్న వేశాడు. వర్జీనియాలో ఒక పెద్దమనిషికి ఎంతమంది బానిసలుంటే అన్ని ఓట్లున్నాయా? లేవు కదా. మీ సొంత రాష్ట్రంలోనే బానిసల పేరు చెప్పి ప్రాతినిధ్యం ఇవ్వనప్పుడు కేంద్రంలో ఎందుకివ్వాలి? దీనికి సూటిగా జవాబు చెప్పినవాళ్లు లేరు. ఉంటే గదా చెప్పడానికి.

జులై 11న బానిసలను పూర్తిగా లెక్కపెట్టాలన్న ప్రతిపాదన ఓడింది. అదే రోజు 3/5 కూడా ఓడింది, నాలుగు రాష్ట్రాలు అవునంటే ఆరు కాదన్నాయి. దక్షిణాదికీ మానవత్వానికీ మధ్య ఎవరో ఒకరికి అన్యాయం చేయక తప్పకపోతే దక్షిణాదికే చేస్తానని పెన్సిల్వేనియా ప్రతినిధి గవర్నీర్ మోరిస్ అన్నది ఆ రోజే. (గవర్నీర్ అంటే పదవి కాదు, ఆయన పేరే అది. పిల్లలు ఇక్కడ తప్పక పొరబడతారు.) మర్నాడు నార్త్ కరోలినా నుంచి విలియం డేవీ లేచి, కనీసం ఐదింట మూడు వంతులైనా లేకపోతే మా రాష్ట్రం ఈ కూటమిలో చేరదు, మీరు అసలే వద్దంటే ఇక్కడితో పని అయిపోయినట్టే అన్నాడు. బెదిరింపు పనిచేసింది. ముందు రోజు మానవత్వం మాట్లాడిన మోరిసే దారి చూపించాడు: సీట్లు ఎంత నిష్పత్తిలో వస్తాయో పన్ను భారం కూడా అంతే నిష్పత్తిలో పడాలి అని. పన్ను మాట కలపగానే ఉత్తరాది వాళ్లకు ఇంటికెళ్లి చెప్పుకోవడానికి ఒక సాకు దొరికింది. జులై 12న 3/5 గెలిచింది.

ఆ సాకు ఎంత ఉత్తదో చూడండి. ఆ నిష్పత్తి వర్తించేది "ప్రత్యక్ష పన్నులకు" మాత్రమే. కేంద్ర ప్రభుత్వం బతికింది దిగుమతి సుంకాల మీద. ఉత్తరాది, దక్షిణాది మధ్య అంతర్యుద్ధం (1861-65) దాకా ప్రత్యక్ష పన్ను వేసింది 1798లో ఒకసారి, బ్రిటన్‌తో 1812 యుద్ధం కాలంలో మూడుసార్లు. సీట్లు మాత్రం ప్రతి ఎన్నికలోనూ వచ్చాయి. మోరిస్ కూడా అదే నెలలో, ఆ పన్ను మాట ఒక అగాధం దాటడానికి వేసుకున్న వంతెన మాత్రమే, ఇక తీసేయొచ్చు అన్నాడు. తీయలేదు. ఆగస్టు 8న ఆయనే మళ్లీ లేచి చేసిన ప్రసంగం ఆ సభ మొత్తంలో బానిసత్వం మీద వచ్చిన అత్యంత కోపంతో కూడిన మాటలు. వాళ్లు మనుషులా? అయితే పౌరుల్ని చేసి ఓటు ఇవ్వండి. ఆస్తా? అయితే ఇంకే ఆస్తినీ ఎందుకు లెక్కపెట్టరు, సౌత్ కరోలినా వరి మడుల్లోని బానిసలందరికంటే ఈ ఊళ్లో ఇళ్ల విలువే ఎక్కువ అన్నాడు. ఆఫ్రికా ఒడ్డుకు వెళ్లి తోటి మనుషులను లాక్కొచ్చే జార్జియా వాడికి, ఆ పని చూసి అసహ్యించుకునే పెన్సిల్వేనియా వాడికంటే ఎక్కువ ఓట్లా అని అడిగాడు. అంతా విన్నారు. ఓటు మారలేదు. సెప్టెంబరులో రాజ్యాంగం తుది పాఠానికి భాష దిద్దినవాడు కూడా ఈ మోరిసే. మనుషులు ఇంతే.

ఇంకో మాట కలపాలి. బానిసల దిగుమతిని 1808 దాకా ఆపకూడదని ఇంకో క్లాజు పెట్టారు. అప్పటిదాకా ఆ క్లాజును సవరించడానికి కూడా వీల్లేదు. రెండూ కలిపి చదవండి. ఓడలో ఎంతమందిని తెస్తే లెక్కలో అంత పెరుగుతుంది. సౌత్ కరోలినా 1803 చివర్లో దిగుమతికి మళ్లీ తలుపులు తెరిచింది. 1804 నుంచి 1807 దాకా చార్ల్‌స్టన్ రేవులో దిగిన ఆఫ్రికన్లు సుమారు 40 వేలమంది.

సరే, ఈ లెక్క నిజంగా ఎంత తేడా తెచ్చింది? నేను బోర్డు మీద చేసే లెక్క ఇక్కడ పెడతాను, అమ్మాయికి చూపించండి.

మొదటి జనాభా లెక్కలు 1790లో తీశారు. వర్జీనియా మొత్తం 7,47,610 (అప్పుడే విడిపోతున్న కెంటకీని తీసేసి). అందులో బానిసలు 2,92,627. అంటే స్వేచ్ఛగా ఉన్నవాళ్లు 4,54,983. పెన్సిల్వేనియా మొత్తం 4,34,373, బానిసలు 3,737, స్వేచ్ఛగా ఉన్నవాళ్లు 4,30,636. స్వేచ్ఛగా ఉన్న జనాన్ని మాత్రమే చూస్తే రెండు రాష్ట్రాలకూ తేడా పాతిక వేలు కూడా లేదు. అప్పట్లో ఒక సీటుకు 33,000 మంది అని పెట్టుకున్నారు, మిగిలిన భిన్నాన్ని వదిలేసేవాళ్లు. ఆ లెక్కన రెండు రాష్ట్రాలకూ చెరో 13 రావాలి.

ఇప్పుడు బానిసల్లో ఐదింట మూడు వంతులు కలపండి. వర్జీనియాకు లక్షా 75 వేల పైచిలుకు కలిసి 6,30,559 అవుతుంది. 33,000తో భాగిస్తే 19. పెన్సిల్వేనియాకు కలిసేది రెండు వేల చిల్లర, 4,32,878, అదే 13. 1793 నుంచి రెండు రాష్ట్రాలకూ నిజంగా దక్కిన సీట్లు ఇవే, 19, 13. ఆరు సీట్లు ఊరికే. ఆ ఆరు సీట్లకు మూలమైన లక్షల మందిలో ఒక్కరికీ ఓటు లేదు, కోర్టులో తెల్లవాడి మీద సాక్ష్యం చెప్పే హక్కు లేదు, తన పిల్లలను అమ్మకుండా ఆపే హక్కు లేదు.

సీట్లతోనే ఆగితే బాగుండేది. ప్రతి రాష్ట్రం నుంచి అధ్యక్షుడిని ఎన్నుకునే ఎలక్టర్ల సంఖ్య కూడా ప్రతినిధుల సభ సీట్లూ, ఇద్దరు సెనేటర్లూ కలిపి. ఇది ఊరికే అలా వచ్చి పడిన ఏర్పాటు కాదు. అధ్యక్షుణ్ణి ప్రజలే నేరుగా ఎన్నుకుంటే బాగుంటుందని 1787 జులై 19న మాడిసన్ ఒప్పుకుంటూనే, ఓటు హక్కు ఉత్తరాదిలో ఎక్కువమందికి ఉంది, దక్షిణాదికి బానిసల పేరు మీద అందులో ఏ బలమూ దక్కదు, ఎలక్టర్ల పద్ధతి అయితే ఆ చిక్కు తీరిపోతుంది అన్నాడు. ఎలక్టోరల్ కాలేజీ (ఈ ఎలక్టర్ల పద్ధతి) పుట్టడానికి ఇదొక్కటే కారణం అని కొందరు రాస్తారు, నేను అంత దూరం వెళ్లను. దూరాభారం, అభ్యర్థులు తెలియకపోవడం, చిన్న రాష్ట్రాల భయం, ఇవన్నీ ఉన్నాయి. కానీ ఇది కారణమే కాదనడం కూడా కుదరదు, ఆ మాటన్నది మాడిసనే కాబట్టి.

1800 ఎన్నికల్లో థామస్ జెఫర్సన్‌కు 73 ఎలక్టోరల్ ఓట్లు, జాన్ ఆడమ్స్‌కు 65. తేడా ఎనిమిది. పైన చెప్పిన 33,000 లెక్కతో బానిసలను తీసేసి చూస్తే దక్షిణాది మొత్తం మీద 14 సీట్లు తగ్గుతాయి. అందుకే ఓడినవాళ్లు అప్పుడే ఎత్తిపొడిచారు, జెఫర్సన్ బానిసల భుజాలమీదెక్కి అధ్యక్షుడయ్యాడని. అయితే ఆ పద్నాలుగూ జెఫర్సన్ ఖాతాలోవే అనుకోవద్దు. మేరీలాండ్, నార్త్ కరోలినా ఓట్లు చీలాయి, కొన్ని ఆడమ్స్‌కూ పడ్డాయి. అన్నీ సర్దినా ఫలితం ఆడమ్స్ వైపు మొగ్గేదనే నాకనిపిస్తుంది, కానీ వెంట్రుకవాసిలో. 1789 నుంచి 1825 దాకా 36 ఏళ్లలో 32 ఏళ్లు అధ్యక్షులు వర్జీనియా వాళ్లే, అందరూ బానిసల యజమానులే. దాన్నంతా ఈ క్లాజు మీదికే తోయలేం. వర్జీనియా అప్పట్లో అన్నిటికంటే పెద్ద రాష్ట్రం కూడా.

చట్టాల మీద ప్రభావం ఇంతకంటే స్పష్టం. ఆదివాసులను మిసిసిపీ నది అవతలికి తోలేసే చట్టం 1830లో ప్రతినిధుల సభలో 102కి 97 ఓట్లతో నెగ్గింది. ఐదు ఓట్ల తేడా. ఆ రోజుల్లో 3/5 లెక్క వల్ల దక్షిణాదికి వచ్చిన అదనపు సీట్లు ఇరవైకి పైనే. ఒకరి బానిసత్వం ఇంకొకరి ఊళ్లు ఖాళీ చేయించింది.

మీ ప్రశ్న కింద కామెంట్లో ఒకాయన రాశారు, "అసలు 3/5 బానిసత్వానికి వ్యతిరేకంగా పెట్టిన క్లాజు, యజమానుల బలం ఐదింట రెండు వంతులు తగ్గించింది" అని. ఈ వాదన ఆయన కనిపెట్టింది కాదు. స్వయంగా బానిసత్వం నుంచి తప్పించుకుని వచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్ 1860లో గ్లాస్గోలో ఇదే మాట అన్నాడు, ఈ క్లాజు బానిస రాష్ట్రాలకు శిక్ష అని. రాజ్యాంగాన్ని బానిసత్వానికి వ్యతిరేకంగా వాడుకోవచ్చని జనాన్ని ఒప్పించడం అప్పుడాయన పని. ఆయనకు ఒకప్పటి గురువు విలియం లాయిడ్ గారిసన్ 1854 జులై 4న అదే రాజ్యాంగం ప్రతిని జనం ముందు తగలబెట్టాడు, ఇది చావుతో చేసుకున్న ఒప్పందమంటూ. ఇద్దరూ బానిసత్వాన్ని ద్వేషించినవాళ్లే. వాదన బలం ఎక్కడి నుంచి కొలుస్తున్నారన్న దాని మీద ఉంటుంది. ఒకటి నుంచి కొలిస్తే 3/5 కోత. సున్నా నుంచి కొలిస్తే 3/5 బహుమతి. ఓటు లేని మనిషి పేరు మీద ఇంకొకడికి బలం రావడం మామూలు విషయం అనుకుంటేనే "ఒకటి" నుంచి కొలవాలనిపిస్తుంది. నాకు అలా అనిపించదు. డగ్లస్ ఎందుకు అలా వాదించాడో అర్థం చేసుకుంటాను, కామెంట్ పెట్టినాయనకు ఆ అవసరం ఏముందో అర్థం కాలేదు.

ఇక ఈ కథలో నాకు ఇప్పటికీ మింగుడుపడని భాగం బానిసత్వం పోయాక జరిగింది. 1865లో 13వ సవరణ బానిసత్వాన్ని రద్దు చేసింది. వెంటనే లెక్క ఏమైంది? "తక్కిన వ్యక్తులు" అంటూ ఎవరూ లేరు, అందరూ స్వేచ్ఛగా ఉన్నవాళ్లే. అంటే ఇప్పుడు పూర్తిగా లెక్కపెట్టాలి. 1860 లెక్కల్లో బానిసలు 39 లక్షల 50 వేల పైన. అందులో వదిలేస్తూ వచ్చిన ఐదింట రెండు వంతులు, అంటే పదిహేను లక్షల పైన, ఒక్కసారిగా దక్షిణాది లెక్కలో కలుస్తారు. యుద్ధంలో ఓడినవాళ్లకు యుద్ధానికి ముందుకంటే ఎక్కువ సీట్లు! అదీ నల్లవాళ్లకు ఓటు ఇవ్వకుండానే. ఇది గమనించే 1868 నాటి 14వ సవరణ రెండో సెక్షన్లో ఒక మెలిక పెట్టారు. 21 ఏళ్లు నిండిన మగ పౌరులకు ఓటు నిరాకరిస్తే ఆ మేరకు ఆ రాష్ట్రం సీట్లు తగ్గాలి అని.

ఆ మెలిక ఈ రోజు దాకా ఒక్కసారి కూడా అమలు కాలేదు.

1890లో మిసిసిపీ కొత్త రాజ్యాంగం రాసుకుంది. ఓటు వేయాలంటే తలపన్ను కట్టాలి, రాజ్యాంగం చదవాలి లేదా విని అర్థం చెప్పాలి, అలాంటివన్నీ పెట్టింది. అర్థం సరిగ్గా చెప్పారా లేదా అని తేల్చేది తెల్ల గుమస్తా. ఆ రాష్ట్రంలో అప్పుడు సగం మందికి పైగా నల్లవాళ్లే. మిగతా దక్షిణాది రాష్ట్రాలూ అదే దారి పట్టాయి. ఫలితం ఏమిటంటే, బానిసత్వం ఉన్నప్పుడు 3/5 లెక్కతో సీట్లు, బానిసత్వం పోయాక 5/5 లెక్కతో సీట్లు, ఓటు మాత్రం మొదట సున్నా, తర్వాత దాదాపు సున్నా. 1965లో ఓటు హక్కుల చట్టం వచ్చేదాకా ఇది నడిచింది. పుస్తకాల్లో 3/5 గురించి ఒక పేజీ ఉంటుంది, దీని గురించి ఒక్క లైను ఉండదు. అమ్మాయి ప్రాజెక్టు చేయాల్సి వస్తే దీని మీద చేయమనండి.

ఇంకొకరు మన దేశంలోని డీలిమిటేషన్ (జనాభాను బట్టి లోక్‌సభ సీట్లు మళ్లీ పంచడం) గొడవతో పోల్చారు. జనాభా పెరిగిన రాష్ట్రాలకు సీట్లు పెరుగుతాయి, దక్షిణాది నష్టపోతుంది అన్న వాదన ఇక్కడా అక్కడా వినిపిస్తుంది నిజమే. మన లోక్‌సభ సీట్ల పంపకం ఇప్పటిదాకా 1971 జనాభా లెక్కల మీదే ఆగి ఉండటానికి కారణం కూడా అదే. కానీ రెండూ ఒకటి కాదు. మన దగ్గర లెక్కలోకి వచ్చేవాళ్లు ఓటర్లు, లేదా రేపు ఓటర్లయ్యే పిల్లలు. బిహార్‌లో ఒక తల పెరిగితే ఆ తల ఓటు వేస్తుంది. వర్జీనియాలో తల పెరిగితే ఆ తల మెడ పట్టుకున్నవాడికి బలం వచ్చేది. ఈ తేడా వదిలేసి పోల్చితే బానిసత్వాన్ని తేలిక చేసినట్టే.

ఇక్కడున్న మనవాళ్ల సంగతి మాత్రం వేరు. 2010లో మా ఇంటికి సెన్సస్ ఫారం వచ్చినప్పుడు నేను ఇంకా వీసా మీదే ఉన్నాను. నింపి పంపాను. నన్నూ మా ఆవిడనూ మా రాష్ట్రం లెక్కలో వేసుకుంది, సీట్ల పంపకంలో మా తలలూ ఉన్నాయి, ఓటు లేదు. 14వ సవరణ "వ్యక్తులు" అంది కాబట్టి పౌరులు కానివాళ్లూ లెక్కలోకి వస్తారు. డల్లస్‌లో, ఎడిసన్‌లో గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూస్తూ కూర్చున్న తెలుగువాళ్లందరూ ఈ కోవలోనే. మేం కోరి వచ్చాం, ఎప్పుడైనా వెళ్లిపోవచ్చు, పిల్లలను ఎవరూ అమ్మరు. కాబట్టి మమ్మల్ని బానిసలతో పోల్చుకోవడం సిగ్గులేనితనం. అయినా ఫారం పోస్టులో వేసి వస్తుంటే పాటర్సన్ ప్రశ్న గుర్తొచ్చింది.

అమ్మాయికి ఒక లెక్క వదిలేస్తున్నాను. 1790లో మేరీలాండ్ మొత్తం జనాభా 3,19,728. బానిసలు 1,03,036. సీటుకు 33,000, భిన్నం వదిలేయాలి. బానిసలను అసలు లెక్కపెట్టకపోతే ఎన్ని సీట్లు, 3/5 కలిపితే ఎన్ని, పూర్తిగా కలిపితే ఎన్ని? చేశాక ఇక్కడ పెట్టమనండి, సరిచూస్తాను.